నారాజ్ ప్లేట్లు

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. ఓటరు కార్డు పని మీద వచ్చినామె వృత్తి ఏమిటని అడిగితే "ప్రైవేటు" అన్నాను. మా ఆవిడ రూతమ్మ బంధువుల దగ్గర "క్యాటరింగ్ సూపర్‌వైజర్" అని చెప్పుకునేది. నిజానికి నేను ఎవరి మీదా అజమాయిషీ చేయలేదు. వండలేదు, వడ్డించలేదు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో రహీం సాబ్‌కు ఫంక్షన్లకు వంటలు చేసిచ్చే దుకాణం ఉండేది. అందులో చేరినప్పటి నుంచి మోకాళ్లు మొరాయించేదాకా ఒకటే పని చేశాను. ఫంక్షన్ ఉన్న ఇంటికి ముందుగా వెళ్లి, టీ తాగి, ఎంతమంది తింటారో చెప్పేవాణ్ణి.

ఇది బడిలో నేర్పే విద్య కాదు. నా చదువు మెదక్‌లో పదో తరగతితో ఆగింది. లెక్కల మీద ఇష్టం మాత్రం ఆగలేదు. బస్సెక్కితే కూర్చున్నవాళ్లెందరు, నిలబడ్డవాళ్లెందరు అని చూసుకునేవాణ్ణి. ఆదివారం చర్చిలోనూ అదే వరస. రూతమ్మ మోచేత్తో పొడిచి, "దేవుని సన్నిధిల తలలు లెక్కపెడ్తవా?" అనేది. ప్రభువు ఐదు రొట్టెలతో అంత జనానికి భోజనం పెట్టిన రోజున కూడా, మిగిలిన ముక్కలు ఎన్ని గంపలయ్యాయో ఎవరో ఒకరు లెక్కపెట్టారు కదా అనేది నా జవాబు. ఆ మనిషి పేరు ఎవరూ రాయలేదు. మా పనిలో అది మామూలే.

ఇప్పుడు దుకాణం రహీం సాబ్ మనవడు ఇమ్రాన్ చూసుకుంటున్నాడు. ఎంబీఏ చదివాడు. అతని పద్ధతిలో అతిథుల ఫోన్లకు మెసేజ్ పోతుంది. వస్తాం, రాము, చెప్పలేం అని మూడు బటన్లుంటాయి. ఏదో ఒకటి నొక్కాలి. "అంకుల్, మీ పనంత ఇప్పుడు ఫోనే చేస్తున్నది" అని ప్రేమగానే అన్నాడు. సంతోషించాను. ఈమధ్య ఒక రిసెప్షన్‌లో అన్నం చాలక పక్క హోటల్ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ మర్నాడే అతను మా ఇంటికొచ్చి, కొత్తగా చేరిన పిల్లల కోసం నాకు తెలిసింది రాసిమ్మన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

అడగకూడని ప్రశ్న

ఎంతమంది వస్తారని ఫంక్షన్ చేసేవాళ్లను అడగకండి. వాళ్లకు తెలియదు. ఇంటాయన చెప్పే అంకెలో గొప్ప ఉంటుంది, ఇంటామె చెప్పే అంకెలో భయం ఉంటుంది. ఆ రెండూ కూడి సగం చేస్తే నిజం వస్తుందని మొదట్లో నేనూ అనుకున్నాను. రాదు. రెండు అబద్ధాల మధ్య మూడో అబద్ధం వస్తుంది.

రహీం సాబ్ వేరే ప్రశ్నలు అడిగేవాడు. గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో పెద్ద అధికారి రిటైర్‌మెంట్ డిన్నర్ ఇస్తూ మమ్మల్ని పిలిచాడు. ఐదు వందల మందికి తక్కువ కాకూడదన్నాడు. సాబ్ అంతా విని, "సీటు దిగకముందా సాబ్, దిగినంకనా?" అని అడిగాడు. దిగిన తర్వాతి వారం అన్నాడాయన. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే సాబ్ నాతో, "సగం అనుకో" అన్నాడు. సగం అనుకున్నాం. అందులోనూ బాగా మిగిలింది. ఆ అధికారి ముఖం చూడలేక సాబ్ గబగబా సామాను సర్దించాడు.

చేరిన కొత్తలో నేను ఒక ఇంటి లెక్క తెచ్చి గర్వంగా ఆయన ముందు నిలబడ్డాను. ముసలివాళ్లు, పిల్లలు, మాంసం ముట్టనివాళ్లు, అందరినీ విడదీసి చెప్పాను. సాబ్ తల ఊపి, "మంచిగనే అడిగినవ్ దాసూ. నారాజ్ ఎవరో అడిగినవా?" అన్నాడు.

"అంటే?"

"గా ఇంట్ల అలిగిందెవరు? ఎవరు రానన్నరు?"

"రానన్నవాళ్లను ఎందుకు సాబ్? రారు కదా."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "వస్తమన్నోళ్లకు బండి చెడిపోతది, జ్వరమొస్తది, దగ్గరోళ్లది ఇంకో పెండ్లి పడ్తది. రానన్నోడు ఎన్నడూ ఆగడు. ఎవరెవరొచ్చిన్రో సూడాలె కదా గాయన."

ఆయన లెక్క ఇలా ఉండేది. తప్పకుండా వస్తాం అన్న పది మందిలో సగం మంది వస్తారు. చూస్తం అన్నవాళ్లలో పావు వంతు. రానని ఒట్టు పెట్టుకున్నవాడు నిండుగా వస్తాడు. తన మర్యాదకు ఏం లోటు జరిగిందో చూడ్డానికి సాక్షిగా ఇంకొకణ్ణి కూడా తెచ్చుకుంటాడు. కాబట్టి అలిగినవాడు ఒకడైతే ప్లేట్లు రెండు. వాటిని మా దుకాణంలో నారాజ్ ప్లేట్లు అనేవాళ్లం. ఇమ్రాన్ ఫోన్లో ఆ బటన్ లేదు.

ఎవరూ అలగని ఇల్లు

ఈ మాట మీద నమ్మకం ఎలా కుదిరిందో చెప్పాలి. నాంపల్లిలోనే ఒకాయన భార్య పోయి ఏడాదైన సందర్భంగా జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాడు. నెమ్మదైన మనిషి. ఇల్లు అద్దంలా ఉంది. నాకు బిస్కెట్లు పెట్టి, రెండు వందల మందికి చెప్పమన్నాడు. నేను అలవాటు ప్రకారం ఎవరైనా కోపంగా ఉన్నారా అని అడిగాను.

"అబ్బే, మా వాళ్లల్ల గొడవలు లేవు బ్రదర్. అందరం మంచిగనే ఉంటం" అన్నాడు.

"ఎవరూ ఏమీ అనలేదా? పిలుపు ఆలస్యమైందని గానీ, ఫోన్లో పిలిచినందుకు గానీ?"

"ఎవరూ ఏమనలే."

దుకాణానికి వచ్చి చెప్పగానే రహీం సాబ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "పాపం" అన్నాడు. లెక్క సగానికి సగం కోసి, దానిలోనూ కొంత తీసేశాడు. ఆ సాయంత్రం వచ్చినవాళ్లు హాలులో ముందు రెండు వరసలకు సరిపోయారు. ఆయన తలుపు దగ్గర నిలబడి, ట్రాఫిక్ ఎక్కువుందేమో అని మాటిమాటికీ అంటున్నాడు. ఆయన మీద ఎవరికీ కోపం లేదన్నది నిజమే. కోపం తెచ్చుకునేంత ఎవరూ ఆయనను పట్టించుకోలేదు, అంతే.

సులోచన సిస్టర్ ఇంట్లో

ఇక అసలు సంగతికి వస్తాను. నా చివరి సంవత్సరాల్లో చూసిన లెక్క ఇది.

సులోచనమ్మ సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త లేడు. ఒక్కతే కూతురు సునీత. ఆ పిల్ల తన ఆఫీసులోనే పనిచేసే నరేష్‌ను చేసుకుంటానంది. నరేష్ వాళ్లది హిందూ కుటుంబం, మెదక్ దిక్కు పల్లె. తండ్రి మల్లేశం వ్యవసాయం సాగక పట్నం వచ్చి, గౌలిగూడలో లారీలకు సరుకు ఎక్కించే చోట మేస్త్రీగా ఉన్నాడు. పిల్లలిద్దరూ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు చేస్తారు. ఆదివారం మధ్యాహ్నం అబిడ్స్ పక్క సందులో ఉన్న హాలులో దండలు మార్చుకుని, భోజనాలు పెడతారు. పాస్టరు గారికి ఆ రోజే వేరే ఊళ్లో కూటాలు పడ్డాయి. ఆయనకు అలాంటి ఆదివారాలప్పుడే వేరే ఊళ్లు గుర్తొస్తాయి.

నేను వెళ్లేసరికి సులోచనమ్మ ఎనభై మందికి చెప్పాలని నిర్ణయించుకుని కూర్చుంది.

"గంతే వస్తరు బ్రదర్. మా పెద్దన్న జయరాజు నారాజ్ అయిండు. గాయన రాకుంటే సికింద్రాబాద్ల మావోళ్లెవరూ రారు. పిల్లగాని తండ్రి గూడ చెప్పిండు, సంతకాల పెండ్లికి మా ఊరోల్లు ఎవరొస్తరని."

జయరాజు గారిని నేను ఎరుగుదును. ఆయన సంఘపెద్ద. మా వాళ్ల ఏ ఫంక్షన్‌లోనైనా భోజనానికి ముందు ప్రార్థన ఆయనే చేస్తాడు. "జయరాజు గారి ప్రార్థన అంటే బగారా అన్నం మూత తీయొద్దు" అని మా వంటమాస్టర్ జబ్బార్‌కు నేనే చెప్పి ఉంచాను. ఆయన ఆదికాలం నుంచి మొదలుపెట్టి నిదానంగా నడుచుకుంటూ ప్లేట్ల దాకా వస్తాడు.

"మీ అన్న రానని ఎట్ల చెప్పిండక్కా?"

"ఫోన్ చేసి చెప్పిండు."

"ఒక్కసారేనా?"

ఆమె ఆలోచించింది. "రోజూ చేస్తున్నడు."

"ఏం వండిస్తున్నవని అడిగిండా?"

"అడిగిండు. మటన్ అంటే, ఆదివారం మంచి మటన్ దొరుకుతదా అని తిట్టిండు."

"హాలు ఏడ అని?"

"గాడికి సికింద్రాబాద్ నుంచి ఏ బస్సొస్తదని గూడ అడిగిండు. తిట్టనీకేలే."

"అయితే వస్తడు. నూట యాభైకి చెప్తున్న."

ఆమె నవ్వలేదు. "బ్రదర్, నాకు ప్లేట్ల ఫికర్ లేదు. మా నాయన పోయినంక నన్ను నర్సింగ్ చదివించింది గాయన. మా ఆయన పోయిన నాడు తెల్లారిందాక నా పక్కన కూసున్నడు. పిల్ల పెండ్లికి గాయన రాకపోతే, రేపు నేను ఏ మొగం పెట్టుకొని గాయన గడప తొక్కాలె? గాయన వస్తడని మీరు ఖాయంగ చెప్తున్నరా? చెప్తే ప్రార్థనకు ఇంకెవర్నీ అడగను."

నేను చెప్పాను. ప్లేట్లు మిగిలితే కుక్కలకు పెట్టొచ్చు, అనాథాశ్రమానికి పంపొచ్చు. ఒక మనిషి వస్తాడని చెప్పి రాకపోతే ఆ మాటను ఎక్కడికి పంపాలో నాకు తెలియదు. అయినా చెప్పాను, రహీం సాబ్ లెక్క తప్పడం అప్పటిదాకా చూడలేదు గనుక.

ఆదివారం

పన్నెండు దాటేసరికి హాలు నిండింది. మల్లేశం గారి ఊరివాళ్లు రెండు డీసీఎం వ్యాన్లలో వచ్చారు. సంతకాల పెళ్లి ఎలా ఉంటుందో చూడాలని వచ్చామని వాళ్లే చెప్పారు. సికింద్రాబాద్ వాళ్లూ వచ్చారు. జయరాజు గారి భార్య కూడా ఇద్దరు కోడళ్లతో దిగి, "రానన్నది మీ అన్న. నేనెన్నడన్నా?" అని ఆడబిడ్డను కావలించుకుంది. ఆయన ఏడీ అంటే, "చర్చి కాంగనే ఇంటికి పోయిండు" అంది.

నా లెక్క ఒక్క మనిషి తప్ప సరిపోయింది. ఆ ఒక్క మనిషి లేకుండా ఎవరూ తినడం లేదు.

ఇది బయటివాళ్లకు వింతగా ఉంటుంది గనుక వివరిస్తాను. ప్రార్థన కాకుండా మా వాళ్లు ముద్ద ముట్టరు. మరి ఎవరైనా చేయొచ్చు కదా. అక్కడ సంఘపెద్దలు ఇంకో ఇద్దరున్నారు. "జయరాజు గారు ఉండగ నేనెట్ల చేస్తా" అని ఒకాయన, గొంతు బాగాలేదని ఇంకొకాయన. ఆ పెళ్లికి ప్రార్థన చేసిన మనిషిగా మిగలడం ఇద్దరికీ ఇష్టం లేదు. అవతల మల్లేశం గారి వాళ్లకు ఇంకో పద్ధతి. పిల్ల తరఫు పెద్దమనిషి, తండ్రి లేకపోతే మేనమామ, వచ్చి చేయి పట్టుకుని లేపితే తప్ప భోజనానికి లేవరు. తమంతట తాము వెళ్లి కూర్చుంటే తిండికి మొహం వాచి వచ్చినట్టు. మా వాళ్లేమో, ప్రార్థనతో పని లేనివాళ్లు ఎందుకు లేవడం లేదో తెలియక చూస్తున్నారు. వాళ్లేమో వీళ్లు కావాలనే పిలవడం లేదనుకుంటున్నారు. రెండు పక్కలా కుర్చీల్లో కూర్చుని మర్యాదగా ఆకలితో ఉన్నారు.

"దాసు భాయ్, ఇంకోపారి వేడి జేస్తే మటన్ పీచు పీచైతది" అని జబ్బార్ హెచ్చరించాడు.

నేను సులోచనమ్మ దగ్గరికి వెళ్లి, "అక్కా, మీరే ప్రార్థన చేసేయండి. నర్సుగా ఎన్ని మంచాల దగ్గర చేసిన్రు" అన్నాను.

"చేస్తే అయిపోతది బ్రదర్. గాయన తర్వాతొచ్చి సూస్తే అందరు తింటుంటరు. గప్పుడు గాయనకు లోపలికొచ్చే దారేది?" అంది. "ఇంక జర సేపు."

ఇక అక్కడ నిలబడలేక బయటికొచ్చాను. సందు దాటితే అబిడ్స్ రోడ్డు. ఆదివారం కదా, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. కొనేవాళ్లు, బేరమాడేవాళ్లు. వాళ్ల మధ్యలో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని జయరాజు గారు ఒక పుస్తకం మీద వంగి ఉన్నారు. అక్కడి నుంచి హాలు గుమ్మం బాగా కనపడుతుంది. ఆయన పేజీ తిప్పడం లేదు.

వెళ్లి సులోచనమ్మకు చెబుదామా, నేనే పలకరిద్దామా అని ఆలోచిస్తుండగా మల్లేశం గారు బీడీ కోసం బయటికొచ్చారు. నేరుగా వెళ్లి జయరాజు గారి పక్కన నిలబడ్డారు. నేను ఇటు పక్క డిక్షనరీల వెనక ఆగిపోయాను.

"పుస్తకం మంచిగున్నదా సారూ?"

జయరాజు గారు తల ఎత్తలేదు. "ఆ, పర్వాలేదు."

"బ్లౌజులు కుడ్తరా మీరు?"

అప్పుడు ఆయన అట్ట చూసుకున్నారు. "మా ఇంట్లో ఆమెకు."

"ఔ, మంచిది." మల్లేశం గారు బీడీ ముట్టించారు. "గీడ మా పెండ్లున్నది. పెండ్లయింది గాని బువ్వ గాలే. పిల్ల మేనమామ అలిగిండంట. గాయనొచ్చి ప్రార్థన జేస్తేనే గా దిక్కోల్లు తింటరంట. గాయనొచ్చి పిలిస్తేనే మావోల్లు లేస్తరు. ఒక్క మనిషి మీద ఎన్ని పనులు పెట్టిన్రో సూడుండ్రి."

"ఆయన రాకపోతే?"

"నేనైతే రాకపోయేటోన్ని."

జయరాజు గారు మొదటిసారి ఆయన వైపు తిరిగారు.

"నిజంగనే సారూ. మా తమ్ముని బిడ్డ పెండ్లికి నేను గూడ అలిగిన. ఊరి బయట కల్లు కాంపౌండ్ కాడ కూసున్న, ఎవడన్న వచ్చి పిలుస్తడని. వాళ్లేమొ నేను రానన్న మాట నిజమనుకున్నరు. తిన్నరు, చేతులు కడిగిన్రు, పోయిన్రు. నేను కూసున్న కాడనే ఉన్న."

"ఇప్పుడు మాటలున్నాయా?"

"యాడియి? ఏండ్లాయె. వాళ్లు పిలువలే, నేను పోలే."

పుస్తకాలతను వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసి, కొనేదెవరని అడిగాడు. జయరాజు గారు పుస్తకం మూసి కుప్ప మీద పెట్టారు. "ఆయనను పిలవాల్సింది చెల్లెలు" అన్నారు.

"చెల్లెలు లోపట గుమ్మం వంక సూస్తనే ఉన్నది. మీరు బయట గుమ్మం వంక సూస్తున్నరు. నడుమల మా ఊరోల్లు చస్తున్నరు. పిల్లగాని తండ్రిని నేను పిలుస్తున్న, సాలదా? దా బావా, ఆకలైతుంది."

నా ఉద్యోగ జీవితంలో పిల్లవాడి తండ్రి బయటికి వెళ్లి, తనను భోజనానికి పిలవాల్సిన మనిషిని తానే పిలుచుకురావడం అదొక్కసారే చూశాను. ఆయనను ఎట్లా గుర్తుపట్టారని తర్వాత మల్లేశం గారిని అడిగితే, "ముక్కు సూసినవా? సులోచనమ్మదే గది" అన్నారు.

హాలులోకి రాగానే కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. సులోచనమ్మ మైకు తెచ్చి అన్న చేతికిచ్చింది. జబ్బార్ అలవాటుగా మూత మీద చేయి పెట్టి నిలబడ్డాడు. ఆ రోజు ప్రార్థన నేను విన్నవాటిలో అతి చిన్నది. అన్నం కోసం, వండిన చేతుల కోసం స్తోత్రం చెప్పి, "నా మేనకోడలు సునీతను, ఈ అబ్బాయిని..." అని ఆగిపోయారు. పిల్లవాడి పేరు ఆయన ఎన్నడూ అడగలేదు. వెనక నుంచి మల్లేశం గారు మెల్లగా, "నరేషు" అని అందించారు.

"నరేష్‌ను" అన్నారు జయరాజు గారు. ఆమేన్ అయింది. ఆయన నడిచి వెళ్లి మల్లేశం గారి చేయి పట్టుకుని, "లేవండి బావా, భోజనానికి" అన్నారు. ఊరంతా లేచింది.

మిగిలిన ప్లేటు

ఆయన తినలేదు. వరసల మధ్య తిరిగి, మటన్ వేయండి, పెరుగు వేయండి అని దగ్గరుండి వడ్డించారు. సులోచనమ్మ ప్లేటు పట్టుకుని వెంట తిరిగితే, "ఇంట్ల తిని వచ్చిన" అన్నారు. ఆయన ఇల్లు చేరి వంట చేసుకుని తిని వచ్చారంటే నమ్మేంత అమాయకులు అక్కడ లేరు. మిఠాయి రాకముందే బస్సెక్కి వెళ్లిపోయారు.

సామాను సర్దుతూ నేను సులోచనమ్మతో, "అక్కా, లెక్క తప్పింది. ఆయన ప్లేటు మిగిలింది" అన్నాను.

ఆమె అలసిపోయి కుర్చీలో కూర్చుని ఉంది. "తప్పలే బ్రదర్. తిని పోతే గంతటితోనే అయిపోతుండె. తినకుండ పోయిండంటే నేను మళ్ల ఇంటికి పోయి బతిమాలాలె అని. గురువారం పోత" అంది. డబ్బాలో బగారా అన్నం, మటన్ పెట్టించుకుంది. అది గురువారం దాకా ఉండదని చెప్పబోయి మానుకున్నాను. సాయంత్రమే వెళ్లి ఉంటుంది.

దుకాణానికి వచ్చి ఒక నారాజ్ ప్లేటు మిగిలిందని చెబితే రహీం సాబ్ కంగారుపడలేదు. "మిగలనీ. గది వచ్చే ఫంక్షన్ల పనికొస్తది" అన్నాడు.

నా మోకాళ్లు పనికిరాకుండా పోయే ముందు చివరిగా చూసిన లెక్క కూడా ఆ ఇంటిదే. సునీతకు పాప పుట్టింది. పేరు పెట్టే రోజు భోజనాలు. సులోచనమ్మ ఫోన్ చేసి, వివరాలన్నీ చెప్పి, చివర గొంతు తగ్గించింది. ఆ గొంతులో దిగులు లేదు.

"ఈసారి గూడ అన్న రానంటున్నడు బ్రదర్. పిల్లకు గాయన చెప్పిన పేరు పెడ్తలేమని."

"ఎన్నిసార్లు చెప్పిండక్కా?"

"పొద్దటి నుంచి మూడుసార్లు చేసిండు. మటన్ ఏ దుకాణంల తెస్తున్నరని అడిగిండు. ఎంతమందికి చెప్పమంటరు?"